తెగిన వంతు

మా మామ కంటి ఆపరేషన్ చేయించుకుని అనంతపురంలో కూతురింట్లో ఉండిపోయిన ఆ ఎండాకాలం తలచుకుంటే, గండం గడిచాక వచ్చే నిట్టూర్పు ఇప్పటికీ నా నోటి నుంచి వస్తుంది. బోరు బతికింది. కింది తోట బతికింది. నా పరువు కాస్త చిరిగింది గాని అదీ బతికింది. ఈ మూడింటి పీకల మీదికీ తెచ్చింది నేను రాసిన నాలుగు లైన్ల ప్రోగ్రాం అంటే మా ఊళ్ళో సగంమంది ఇప్పటికీ నమ్మరు. కోడలు తెలివిగా కథ అల్లిందనే అనుకుంటారు. అనుకోనీ. ఆ సగంలో పెద్దమ్మ లేదు, నాకది చాలు.

పెద్దమ్మ అంటే కింది తోటావిడ. రక్తసంబంధం ఏమీ లేదు, మా ఆయన అలా పిలుస్తాడు కాబట్టి నేనూ పిలుస్తాను. ఆమె భర్తకు గొర్రెల మంద ఉంది. ఎండలు ముదిరితే మందను తోలుకుని మేత దొరికే వైపు వెళ్ళిపోతాడు, వానలు పడితే గాని ఇల్లు చేరడు. అంతవరకూ తోట, ఇల్లు, బర్రె అన్నీ పెద్దమ్మే. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మంచి మాట చెప్పినా తిట్టినట్టే ఉంటుంది.

మా అత్తవారి ఊరు యాడికి అనే ఊరికి వెళ్ళే దారిలో ఉంటుంది. నేను పామిడి పిల్లను. పెళ్ళయిన కొత్తలో పెన్న ఒడ్డున పుట్టానని గొప్పగా చెప్పుకునేదాన్ని. "పెన్నలో నీళ్ళు యాడుండాయమ్మా, ఇసుక గదా ఉండేది?" అని మా మామ ఒక్క మాటతో ఆ గొప్ప దించేశారు. నిజమే, ఒప్పుకున్నాను. ఈ ఊరికి వచ్చాకే నీళ్ళ గురించి మనుషులు ఎంత మెల్లగా, ఎంత మర్యాదగా మాట్లాడుకుంటారో తెలిసింది. పెళ్ళి సంబంధాల గురించి కూడా అంత జాగ్రత్తగా మాట్లాడరు.

మా మామ, పెద్దమ్మ భర్త కలిసి వేయించిన బోరు ఒకటుంది. రెండు తోటలకూ నడుమ గట్టు మీద ఉంటుంది. రెండూ చీనీ తోటలే, బయట బత్తాయి అంటారు. మావి ముదురు చెట్లు, ఒక తడి ఆలస్యమైనా ఓర్చుకుంటాయి. పెద్దమ్మవి లేత చెట్లు, ఆ ఏడే మొదటి కాపు. బోరు నీళ్ళు ఇంటికి ఆరు గంటల చొప్పున వంతులు. ఆ లెక్కకు ఒక డబ్బా ఉండేది. ఎప్పటిదో పాలపొడి డబ్బా, మూత పోయింది, పట్టుకోవడానికి పైన తీగ కట్టి ఉంటుంది. అందులో ఆరు గులకరాళ్ళు. మోటారు గంట ఆడితే ఒక రాయి తీసి గట్టు మీద పెడతారు. మధ్యలో కరెంటు పోతే రాళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి. మళ్ళీ కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు, డబ్బాలో మిగిలిన రాళ్ళకు మాత్రమే నీళ్ళు. దీన్ని తెగిన వంతు అంటారు. తెగిన వంతు మిగులు దగ్గర నుంచి సాగుతుంది, మొదటికి పోదు. రాళ్ళు అయిపోగానే ఆరింటినీ ఏరి డబ్బాలో వేసి అవతలి ఇంటి గుమ్మానికి తగిలించి రావాలి. డబ్బా ఎవరి గుమ్మానికి వేలాడితే వంతు వాళ్ళది. రెండిళ్ళ మధ్య గట్టు గురించి, గొర్రెల గురించి, కోళ్ళ గురించి ఎన్నో పోట్లాటలు జరిగాయట గాని, డబ్బా గురించి మాత్రం ఎప్పుడూ జరగలేదు.

ఆపరేషన్ తర్వాత మామను దుమ్ములో తిరగవద్దన్నారు. ఆయనతోపాటు అత్తా వెళ్ళింది. మా ఆయనకు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు, ఇంట్లో ఉన్నాడంటే నిద్రపోతూ ఉంటాడు. డబ్బా బాధ్యత నా నెత్తిన పడింది. నేను బెంగళూరు కంపెనీ ఒకదానికి ఇంట్లో నుంచే పని చేస్తాను. ఒక చోట ఉన్న సమాచారాన్ని ఇంకో చోటికి చేర్చే చిన్న చిన్న ప్రోగ్రాంలు పైథాన్‌లో రాయడం నా పని. మీటింగులో ఉండగా లేచి, ఎండలో గట్టెక్కి, రాయి తీసి రావడం రెండు రోజులు చేశాను. మూడో రోజుకు నా ఓపిక అయిపోయింది. నాకు ఓపిక ఎప్పుడూ రెండు రోజులే ఉంటుందని మా అమ్మ పెళ్ళిచూపుల్లోనే చెప్పి ఉండాల్సింది.

మా మోటారుకు ఫోను స్టార్టరు ఉంది. మోటారు తిరగడం మొదలైనా, ఆగినా నా ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఆ మెసేజ్‌లు చదివి, ఎన్ని గంటలు ఆడిందో లెక్క వేసి, వంతు ఎవరిదో ఆ ఇంటికి ఫోను చేసి చెప్పే ప్రోగ్రాం ఒకటి ఆదివారం కూర్చుని రాసేశాను. పెద్దమ్మకు చదవడం రాదు. అందుకని నా గొంతే రికార్డు చేసి పెట్టాను. ఫోను ఎత్తితే "పెద్దమ్మా, వంతు నీదే, నీళ్ళు తిప్పుకో" అని వినబడుతుంది. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

"డబ్బా ఎందుకు ఇంక పెద్దమ్మా, ఫోనే చెప్తాది," అన్నాను ఆ సాయంత్రం.

"నువ్వు చెప్తావా, ఫోను చెప్తాదా?"

"నేను చెప్పినట్ల ఫోను చెప్తాది."

"సరేలే, నీళ్ళొస్తే చాలు నాకు," అంది.

ఖాళీ అయిన డబ్బా కడిగి తుడిచి నా బల్ల మీద పెట్టుకున్నాను. పెన్నులు పెట్టుకోవడానికి బాగా కుదిరింది.

మా మామ రోజూ సాయంత్రం ఫోను చేసేవారు. కన్ను గురించి నేను అడగాలి గదా, ఆ సందు ఇవ్వకుండా ఆయనే ముందు అడిగేవారు. "డబ్బా యాడుండాదమ్మా?"

"డబ్బాతో పనేముంది మామా? అంతా ఫోనే చూసుకుంటాది."

"ఊఁ," అనేవారు. ఆ ఊఁ నాకు నచ్చేది కాదు. కన్ను నయం కాగానే వచ్చి చూస్తారులే, అప్పుడు ఏమంటారో చూద్దాం అనుకునేదాన్ని.

మొదట్లో అంతా సాఫీగా నడిచింది. పగలు కరెంటు ఏకబిగిన వచ్చేది. ఆరు గంటలు ఆడగానే వంతు మారేది, పెద్దమ్మ ఫోను మోగేది. మర్నాడు మళ్ళీ మాది. తర్వాత ఎండలు ముదిరాయి, కరెంటు ముక్కలైంది. ఒకరోజు రెండు గంటలు, ఒకరోజు మూడో నాలుగో. వచ్చినంతసేపు వచ్చి పోతే మళ్ళీ మరుసటి రోజే. ఆ అవస్థ మొదలైన రోజు వంతు మాది.

ఇక రోజూ మా ఇంట్లో ఫోనే మోగింది. "వంతు మనదే," అని నా గొంతు నాకే చెప్పేది. ఈ వంతు ఎప్పటికి తెములుతుందిరా దేవుడా అని కరెంటును తిట్టుకుంటూ ఆఫీసు పనిలో పడిపోయేదాన్ని. మా ఆయన షిఫ్టుకు పోతూ ఫోను ఏం చెబితే అది చేసి పోయేవాడు. మా చెట్ల కింద గడ్డి పచ్చగా లేచింది. కిటికీలోంచి ఆ పచ్చదనం చూసి ముచ్చటపడ్డాను కూడా. కింది తోట వైపు నాకు కిటికీ లేదు.

ఒక పొద్దున పెద్దమ్మ వచ్చి మా అరుగు ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏమ్మే, మీ ఇంటి వంతు ఈ ఏడాదన్నా అయిపోతాదా, వచ్చే ఏడాదికి పోతాదా?"

"కరెంటు తెగుతాంటే నేనేం చేసేది పెద్దమ్మా?"

"కరెంటు తెగితే మిగిలిన రాళ్ళకు పారించుకుంటారు. వారం దాటినా పారించుకుంటానే ఉంటారా ఎవురన్నా? నీ తోటలో కప్పలు అరుస్తాండాయి. నా తోటలో ఆకు చుట్టలు చుట్టుకునింది. పిందెలన్నీ చెట్ల కింద పడిండాయి. వచ్చి చూస్తావా?"

నాకు కోపం వచ్చింది. దొంగ అన్నట్టుగా అనిపించింది మరి. "ఫోను చెప్పినట్లే చేస్తాండాం పెద్దమ్మా. అది అబద్ధం చెప్పదు," అన్నాను.

"నీ గొంతే గదా అందులో ఉండేది?"

ఆమె చెప్పదలచుకున్నది ఇంకా ఉంది. "రేపు పొద్దున్నే బోరు బండి వస్తాంది. కొబ్బరికాయ పట్టే ఆయప్ప నిన్ననే వచ్చి తావు చూపించి పోయినాడు. ఈ బోరు మీరే తాగండి."

కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చేనంతా నడిచి, కాయ నిలువునా లేచిన చోట నీళ్ళున్నాయని చెప్పేవాళ్ళు మా వైపు ఉన్నారు. ఆయన చూపించిన తావు గట్టుకు అవతల, మా బోరుకు పిలిస్తే పలికేంత దగ్గర. పక్కపక్కన రెండు బోర్లు వేసి రెండూ ఎండగొట్టుకున్న వాళ్ళు మా చుట్టుపక్కల ప్రతి ఊళ్ళోనూ కనబడతారు. ఈ సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు.

"రెండూ ఎండిపోతాయి పెద్దమ్మా!" అన్నాను.

"ఎండనీ. ఇప్పుడు నాదొకటే ఎండుతాంది."

భయం వేసింది. మామ కన్ను బాగుచేసుకుని ఇంటికొచ్చేసరికి గట్టుకు రెండు వైపులా ఎండు కట్టెలు చూపించాలా? భయపడినప్పుడు నేను ఇంకా గట్టిగా అరుస్తాను, అది నా గుణం. "ఉండు పెద్దమ్మా, లెక్క మొత్తం రాసిపెట్టింది, నీ ముందే చదువుతా. తప్పుంటే అప్పుడు పిలుచుకో బండిని!" అని లోపలికి పోయి లాప్‌టాప్ తెచ్చి అరుగు మీద పెట్టాను.

మోటారు ఆగిన ప్రతిసారీ ఇంకా ఎన్ని గంటలు మిగిలిందో ఒక లైను రాసిపెట్టమని ప్రోగ్రాంలో ముందే పెట్టాను. ఆ లైన్లు చదవడం మొదలుపెట్టాను. గెలుస్తానన్న ధీమాతో బాగా గట్టిగానే చదివాను.

"ఇదో, సోమవారం రెండు గంటలు ఆడింది. మిగిలింది నాలుగు."

పెద్దమ్మ చేయి చాపి వేళ్ళు మడిచింది.

"మంగళవారం మూడు గంటలు ఆడింది. మిగిలింది మూడు."

ఆమె వేళ్ళ వైపు చూసుకుంది. నేను స్క్రీను వైపు చూశాను. అదే లైను మళ్ళీ మనసులో చదువుకున్నాను. నాలుగు మిగిలినప్పుడు మూడు ఆడితే మూడు మిగలడమేమిటి?

"బుధవారం నాలుగు గంటలు," అన్నాను. "మిగిలింది రెండు."

"యాల ఆగినావు? చదువు," అంది పెద్దమ్మ.

చదవడానికి ఏముంది? కిందిదాకా అన్నీ అలాగే ఉన్నాయి. ఏ రోజుకు ఆ రోజు ఆరులోంచి తీసేసుకుంటూ పోయింది. నిన్నటి మిగులు ఇవాళ్టికి అందలేదు. రోజూ మా వంతు కొత్తగా ఆరు గంటలతో మొదలవుతోంది, రోజూ తెగుతోంది, ఎన్నటికీ అయిపోదు. మా వంతు నిజానికి ఆ బుధవారమే అయిపోయింది.

ఎక్కడ తప్పిందో అప్పుడు చూశాను. చూడ్డానికి నిమిషం కూడా పట్టలేదు. ప్రోగ్రాం లోపల ఒక్కో చిన్న పనికి ఒక్కో ఫంక్షన్ రాసుకుంటాం. ఒక గది లాంటిది అనుకోండి. పిలిచి, కావలసినవి లోపలికి అందిస్తే అది పని చేస్తుంది. నా ఫంక్షన్‌కు అప్పజెప్పిన పని ఒక్కటే, మిగులులోంచి ఆడిన గంటలు తీసేయడం. బయట ప్రోగ్రాంలో ఆ లెక్కకు మిగులు అని పేరు పెట్టాను. ఫంక్షన్ లోపల కూడా మిగులు అనే పెట్టాను. మా ఊళ్ళో మిగులు అంటే ఒక్కటే గదా, డబ్బాలో ఉన్నది. రెండు మిగుళ్ళు ఉంటాయని ఎవరికి తోస్తుంది?

పైథాన్‌లో ఉంటాయి. ప్రతి ఇంట్లోనూ ఒక నాయన ఉంటాడు. ఆ ఇంట్లో పిల్లలు నాయనా అని పిలిస్తే ఆ ఇంటాయనే పలుకుతాడు, పక్కింటాయన తలెత్తి కూడా చూడడు. ఫంక్షన్ లోపలి పేర్లు కూడా అంతే, వాటి పెత్తనం ఆ గడప దాకానే. లోపలి మిగులును ఎంత తగ్గించినా బయటి మిగులుకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పని కాగానే లోపలిది అక్కడే పోతుంది. అది బయటికి రావాలంటే ఫంక్షన్ చివర రిటర్న్ అని రాయాలి, బయట దాన్ని అందుకుని దాచుకోవాలి. నేను రిటర్న్ రాయలేదు. ప్రింట్ అని రాసి ఊరుకున్నాను. అంటే నా ఫంక్షన్ "నాలుగు మిగిలింది" అని గదిలోంచి కేక వేసింది, ఆ కేక ఫైల్లోకి ఎక్కింది, కానీ ఆ నాలుగునూ ఎవరి చేతిలోనూ పెట్టలేదు. బయట ఆరు ఆరుగానే కూర్చుని ఉంది.

ఏకబిగిన ఆరు గంటలు ఆడితే వంతు మార్చే లైను వేరే ఉంది. అందుకే మొదట్లో ఏ గొడవా రాలేదు. ఈ ఫంక్షన్‌తో పని పడేది తెగిన వంతుకే. ఎందుకు అలా రాశానో కూడా నాకు తెలుసు. ఈ ఊళ్ళో కేక వేస్తే చాలు. గట్టు మీద నిలబడి "మూడు మిగిలినాయ్" అని అరిస్తే రెండు తోటలకూ వినబడుతుంది, ఇక అందరికీ అదే లెక్క. చెప్పడమూ ఇవ్వడమూ ఇక్కడ ఒకటే. ఆఫీసు పనిలో ఒక్కనాడూ చేయని ఈ తప్పు, ఇంటి పని కదా అని ఊరి ధ్యాసలో రాసినందుకే చేశాను.

నాకు ఏడుపు రావాలి. నవ్వొచ్చింది. వారం నుంచి ఏ దయ్యం పట్టిందో తెలియని బోరుకు, పట్టింది ఒక్క లైను అని తెలిస్తే ప్రాణం లేచి రాదా? మేం నీళ్ళు దొంగలించలేదు. దొంగలించినట్టే అయింది గాని దొంగలించలేదు.

"నగుతాండావా?" అంది పెద్దమ్మ. ముఖం ఎర్రబడింది.

"తప్పు నాదే పెద్దమ్మా. మా వంతు ఎప్పుడో బుధవారమే అయిపోయింది. ఆ తర్వాత నీకు రావల్సిన వంతులన్నీ మా తోటకే పారినాయి."

పోట్లాడడానికి వచ్చిన మనిషికి ఎదుటివాళ్ళు ఒప్పుకుంటే ఏం చేయాలో తోచదు. "కావాలనే చేసినావా?" అని అడిగింది చివరికి.

"అయ్యో, కాదు పెద్దమ్మా. అది దినామూ ఆరులో నుంచే తీసేస్తాండాది. నిన్న మిగిలింది ఈ పొద్దుకు తెచ్చుకోవడంల్యా."

"ఏ దినం లెక్క ఆ దినమే పారేసిందా?"

"పారేసింది."

"అయితే తిక్కది నీ ఫోను. నువ్వు కాదంటావు."

"నేనూ కొంచెం తిక్కదాన్నే పెద్దమ్మా."

"అది తెలుసులే," అంది. అరుగు అంచున కూర్చుంది. ఆమె కూర్చోవడం చూశాక నాకు సగం ఊపిరి ఆడింది.

లోపలికి పోయి డబ్బా తెచ్చి పెన్నులన్నీ అరుగు మీద బోర్లించాను. వాకిట్లో రాళ్ళు ఏరి అందులో వేశాను. పెద్దమ్మ డబ్బా లాక్కుని, నేను వేసిన చిన్న రాళ్ళు పారేసి, తనే దిగి పెద్ద పెద్దవి చూసి ఆరు ఏరుకుంది. రాయి పెద్దదైతే గంట పెద్దదవుతుందా అని అడగబోయి, సమయం కాదని నోరు మూసుకున్నాను.

"బోరు బండి మాటేమి?" అన్నాను.

"కరెంటు రానీ. నా చెట్ల కింద నీళ్ళు చూసినాంక చెప్తా."

ఇద్దరం తోటకు పోయాం. గేటువాల్వు మా వైపు మూసి కింది తోట వైపు తిప్పాను. తర్వాత చేయడానికి ఏమీ లేదు, కరెంటు కోసం కాచుకోవడం తప్ప. ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఆకులు చుట్టుకుపోయి వెనుక వైపు తెల్లగా కనిపిస్తున్నాయి. గోలీకాయలంత పిందెలు చెట్ల కింద పరుచుకుని ఉన్నాయి. చెప్పుల కింద అవి నలుగుతుంటే నాకు కాళ్ళు పెట్టబుద్ధి కాలేదు. పెద్దమ్మ ఒక చెట్టు దగ్గర ఆగి కొమ్మ ఎత్తి చూపించింది. ఆకుల మరుగున నాలుగైదు పిందెలు ఇంకా పట్టుకుని ఉన్నాయి. "ఇవి నిలబడితే చాలు," అంది. మొదటిసారి ఆమె గొంతు చిన్నగా వినబడింది.

చెట్టు నీడ అనబడే ఆ కాస్త మచ్చలో కూర్చుని లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ప్రోగ్రాం సరిచేశాను. ఫంక్షన్ చివర మిగులును రిటర్న్ చేయమని ఒక మాట. బయట, ఫంక్షన్ ఇచ్చినదే ఇకనుంచి మిగులు అని ఇంకో మాట. అంతే మార్పు. రెండు గంటలు ఆడినట్టు, తర్వాత మూడు గంటలు ఆడినట్టు ఉత్తుత్తి మెసేజ్‌లు ఇచ్చి చూశాను. నాలుగు అంది. ఒకటి అంది. ఇంకో గంట ఇవ్వగానే వంతు మార్చింది. పక్కన పెద్దమ్మ ఫోను మోగింది. ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, ఎదురుగా ఉన్న నా నోటి వైపు చూస్తూ నా గొంతు వింది.

"వంతు నాదే అంటాంది," అంది.

"నిజమే చెప్తాంది ఈసారి."

"చూస్తాం."

పొద్దు నడినెత్తికి వచ్చి దాటింది. ఆకు కదలడం లేదు. ఆమె తెచ్చుకున్న చెంబులో నీళ్ళు ఇద్దరం పంచుకుని తాగాం. ఆ ఒక్క రోజూ కరెంటు రాకపోతే ఏమవుతుందని లోపల గుబులుగానే ఉంది. తెల్లారితే బండి వచ్చేస్తుంది, గొట్టం దించాక ఇక ఎవరు ఆపగలరు? దేవుళ్ళకు మొక్కే అలవాటు నాకు తక్కువ. ఆ మధ్యాహ్నం మాత్రం లేపాక్షి నంది దాకా అందరినీ తలచుకున్నాను.

స్టార్టరు టక్కుమంది. చిన్న చప్పుడే గాని ఇద్దరం ఒకేసారి లేచాం. పైపులు గాలితో దగ్గాయి, ఉమ్మాయి. కాసేపటికి చెట్ల మొదళ్ళ దగ్గర డ్రిప్పు సూదుల నుంచి ఒక్కో చుక్కే పడసాగింది. ఎండిన మట్టి మొదటి చుక్కలను కనబడకుండా తాగేసింది. తర్వాత నల్లని మరక ఒకటి మెల్లగా పెద్దదైంది. పెద్దమ్మ గొంతుక్కూర్చుని ఆ మరక మీద అరచేయి ఆనించింది. అలా ఉండగానే ఇంకో చేత్తో ఫోను తీసి నా చేతికిచ్చి, బండి ఆయనకు కలపమంది.

"ఓ అన్నా, రేపు రావొద్దులే... ఏం లేదప్పా, నీళ్ళు పడినాయి... యాడంటే ఈడే, పాత బోర్లోనే!"

నేను గట్టు మీద కూలబడ్డాను. అప్పుడొచ్చింది ఏడుపు. ఆనందమో, భయం దిగిపోవడమో, ఎండదెబ్బో, ఏదైతేనేం, కొంగుతో ముఖం కప్పుకుని బాగా ఏడ్చాను. హాయిగా ఉంది. పెద్దమ్మ చూసి కూడా చూడనట్టు ఒక రాయి తీసి గట్టు మీద పెట్టింది. గంట ఇంకా కాలేదు.

ఆ సాయంత్రం మామ ఫోను చేశారు.

"డబ్బా యాడుండాదమ్మా?"

"పెద్దమ్మ గుమ్మానికి ఉండాది మామా," అన్నాను, జరిగిందంతా చెప్పాను. అంతా విని ఆయన నవ్వారు. మా తోట తడిసి ముద్దగా ఉంది గనుక తర్వాతి మా వంతులు కూడా పెద్దమ్మకే ఇద్దామని నేనంటే, "ఇచ్చెయ్. మళ్ళా చెట్లు తేరుకునేదాకా అడగొద్దు," అన్నారు. అప్పుడే మొదటిసారి కన్ను గురించి కూడా చెప్పారు. గోడ మీది బల్లి కనిపిస్తోందట.

ఆ తర్వాత ప్రోగ్రాం ఒక్కసారి కూడా తప్పలేదు. కరెంటు ఎన్ని ముక్కలైనా మిగులు మిగులుగానే మర్నాటికి అందింది. అయినా పెద్దమ్మ డబ్బా మానలేదు, నేనూ మానమనలేదు. ఫోనులో అంకె, డబ్బాలో రాళ్ళు సరిపోయాయో లేదో రోజూ గట్టు మీది నుంచి కేక వేసి పోల్చుకునేవాళ్ళం. సరిపోయిన ప్రతిసారీ నాకు మనసు తేలికయ్యేది. ఆమె తోటలో ఆకు విచ్చుకుంది. రాలినవి రాలగా నిలిచిన పిందెలు నిమ్మకాయలంత అయ్యాయి.

మామ ఇంటికి వచ్చేశారు. నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళను అడుగుల చప్పుడును బట్టి పలకరిస్తుండేవారు. ఒక సాయంత్రం పెద్దమ్మ డబ్బా ఆడించుకుంటూ వచ్చింది. ఎప్పుడూ గుమ్మానికి తగిలించి పోయే మనిషి, ఆ రోజు నా చేతికి అందించింది. లోపల ఇంకా రెండు రాళ్ళున్నాయి.

"నీ వంతు ఇంకా కాలేదు పెద్దమ్మా," అన్నాను. "ఫోనులో కూడా రెండే ఉండాది చూడు."

"నా చెట్లకు చాలింది. మీవి వాడుతాండాయి, చూసినాను. ఆ రెండూ నువ్వు పారించుకో."

"ఫోను ఒప్పుకోదు పెద్దమ్మా, అది నీ పేరు మీదే పెట్టుకునింది."

"నీ ఫోనుకు నువ్వు చెప్పుకో పో," అని వెనక్కి తిరిగింది. ఆమె గట్టు చేరేదాకా చూస్తూ నిలబడ్డాను.

మామ డబ్బా చప్పుడు విన్నట్టున్నారు. "ఎన్ని మిగిలినాయమ్మా?" అన్నారు.

"రెండు మామా."

"మిగులు తెచ్చి నీ చేతికిచ్చిందా?"

"ఇచ్చింది."

ఆయన నల్లద్దాలు తీసి కింది తోట వైపు చూశారు. కొత్త కంటికి ఆ దూరం ఎంత కనిపించిందో నాకు తెలియదు. "అయితే ఆ యమ్మ ఇంక బోరు బండిని పిలవదులే," అన్నారు.

ఎవరైనా తనంతట తాను వదిలేసిన గంటలను ఏం చేయాలో నా ప్రోగ్రాంలో రాయలేదు. రాయాలని కూర్చుని మళ్ళీ లేచాను. వాకిట్లోకి పోయి ఆరు రాళ్ళు, ఈసారి పెద్దవే చూసి ఏరి, ఆ రెంటి మీద వేసి, ఎనిమిది రాళ్ళ డబ్బాను మా గుమ్మానికి తగిలించాను.